తొమ్మిదేళ్ళు ఒకే సీట్లో ఉన్నాక: మా ఆఫీసు కెరీర్ ప్లానింగ్ ప్రోగ్రామ్‌లో నా పద్నాలుగు నెలలు

మా కంపెనీ ఉద్యోగుల కోసం నడిపే కెరీర్ డెవలప్‌మెంట్ ప్రోగ్రామ్‌లో నేను పద్నాలుగు నెలలు ఉన్నాను. పోయిన వారమే చివరి సిట్టింగ్ అయింది. చేరే ముందు, ఇలాంటి ప్రోగ్రామ్ గురించి ఒక మామూలు ఉద్యోగి రాసిన అనుభవం ఏదైనా దొరుకుతుందేమోనని చాలా వెతికాను. దొరికినవన్నీ హెచ్‌ఆర్ వాళ్ళు హెచ్‌ఆర్ వాళ్ళ కోసం రాసుకున్నవే. మీ ఆఫీసులో కూడా ఇలాంటిది ఉండి, చేరాలా వద్దా అని తేల్చుకోలేకపోతుంటే, ఇది మీకోసమే రాస్తున్నాను.

నేను బిల్లింగ్ విభాగంలో పని చేసేదాన్ని. కస్టమర్ల బిల్లుల్లో తప్పు దొర్లితే అది ఎక్కడ మొదలైందో వెతికి పట్టుకుని సరిచేయడం నా పని. తొమ్మిదేళ్ళు అదే పని, అదే హోదా. మధ్యలో రెండుసార్లు టీమ్ లీడ్ పోస్టుకు అప్లై చేశాను. రెండుసార్లూ రాలేదు. రెండోసారి ఆ పోస్టు నాకంటే నాలుగేళ్ళు వెనక చేరిన అమ్మాయికి వచ్చింది. ఆ అమ్మాయికి పని నేర్పింది నేనే. ఆ వారమంతా పొద్దున్నే ఆఫీసుకు బయల్దేరాలంటే కాళ్ళు కదిలేవి కావు. సరిగ్గా అప్పుడే ఈ ప్రోగ్రామ్ గురించి మెయిల్ వచ్చింది. ఆ బాధలోనే ఫారం నింపేశాను.

ఇందులో ఏమేమి ఉంటాయంటే, ముందు ఆన్‌లైన్‌లో ఒక సెల్ఫ్ అసెస్‌మెంట్. తర్వాత బయటి నుంచి పిలిపించిన కెరీర్ కౌన్సెలర్‌తో ఆరు సిట్టింగులు. ఆ మాటల ఆధారంగా ఐడీపీ అనే వ్యక్తిగత అభివృద్ధి ప్లాన్ రాసి, దాని మీద మేనేజర్ సంతకం తీసుకోవాలి. వేరే విభాగం నుంచి ఒక మెంటర్‌ను, అంటే సలహాలిచ్చే సీనియర్‌ను ఇస్తారు. అన్నీ కుదిరితే మూడు నెలల పాటు వారానికి ఒక రోజు ఇంకో విభాగంలో పని చేయనిస్తారు. వీటన్నిటికీ ఒక పోర్టల్ ఉంది. అందులోనే కంపెనీ లోపల ఖాళీ అయిన పోస్టులు కూడా కనిపిస్తాయి.

ముందుగా కౌన్సెలింగ్ గురించి చెప్తాను, ఎందుకంటే ఈ ప్రోగ్రామ్‌కు ప్రాణం అదే. మొదటి సిట్టింగ్‌లో కౌన్సెలర్ మేడమ్ నన్ను "ఐదేళ్ళ తర్వాత ఎక్కడ ఉండాలనుకుంటున్నారు" అని అడుగుతారేమోనని భయపడ్డాను. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆవిడ అది అడగలేదు. ఒక చిన్న నోట్‌బుక్ చేతికిచ్చి, "రెండు వారాలు మీరు నిజంగా ఏ పని చేస్తున్నారో గంట గంటకూ రాయండి. మీ జాబ్ డిస్క్రిప్షన్‌లో ఉన్నది కాదు, మీ చేతులు చేసింది రాయండి. పక్కన, ఆ పని అయ్యాక ఒంట్లో ఓపిక పెరిగిందా తగ్గిందా ఒక గుర్తు పెట్టండి" అన్నారు.

పది పనిరోజులు రాశాను. మొదటి మూడు రోజులు విసుగొచ్చింది. నాలుగో రోజు నుంచి ఒక సంగతి కనిపించడం మొదలైంది. రోజులో దాదాపు మూడో వంతు సమయం కొత్తగా చేరినవాళ్ళ సందేహాలు తీర్చడానికే పోతోంది. పాత బిల్లు ఎలా చదవాలి, సర్దుబాటు ఎంట్రీ ఎక్కడ చూడాలి, కస్టమర్‌కు ఏమని రాయాలి, ఇలాంటివి. ఈ పని నా జాబ్ డిస్క్రిప్షన్‌లో ఒక్క లైను కూడా లేదు. పనితీరును బట్టి రేటింగ్ ఇచ్చే అప్రైజల్‌లో దీని గురించి ఒక్క మాట కూడా ఎప్పుడూ రాలేదు. కానీ నోట్‌బుక్‌లో "ఓపిక పెరిగింది" అని గుర్తు పెట్టినవాటిలో ఎక్కువ భాగం ఇవే. టీమ్ సమావేశాలు, షిఫ్టుల లెక్కలు, ఎవరికి ఏ పని పంచాలి అన్న తగువులు వచ్చిన చోటల్లా తగ్గిందనే రాసుకున్నాను. తొమ్మిదేళ్ళుగా నేను కోరుకున్న టీమ్ లీడ్ ఉద్యోగంలో ఉండేవి ఆ రెండో రకం పనులే. అది చూసి కాసేపు మాట రాలేదు నాకు.

అప్పుడు మేడమ్ ఎడ్గర్ షైన్ అనే ప్రొఫెసర్ గురించి చెప్పారు. ఆయన అమెరికాలోని ఎమ్‌ఐటీ అనే విశ్వవిద్యాలయం మేనేజ్‌మెంట్ స్కూల్లో పని చేసేవారు. 1961లో మొదలుపెట్టి 44 మంది విద్యార్థులను, వాళ్ళు చదువు అయ్యి ఉద్యోగాల్లో స్థిరపడ్డాక కూడా పదేళ్ళకు పైగా గమనించారు. ఉద్యోగాలు మారినా, ఊళ్ళు మారినా, ఒక్కో మనిషి నిర్ణయాల వెనక వదులుకోలేనిది ఒకటి ఉంటుందని ఆయనకు అర్థమైంది. దానికి ఆయన పెట్టిన పేరు కెరీర్ యాంకర్. అంటే లంగరు. మొదట ఐదు రకాలు చెప్పారు: పనిలో నైపుణ్యం, నలుగురిని నడిపించడం, స్వేచ్ఛ, భద్రత, కొత్తది కట్టడం. తర్వాత సేవ, కఠినమైన సవాలు, జీవనశైలి అనే మూడు కలిపారు. మొత్తం ఎనిమిది.

నా లంగరు "నలుగురిని నడిపించడం" అని నేను తొమ్మిదేళ్ళు అనుకున్నాను. నిజానికి అలా అనుకున్నానని కూడా చెప్పలేను. మా ఆఫీసులో ముందుకు వెళ్ళడానికి కనిపించే మెట్టు అదొక్కటే కాబట్టి దాన్నే కోరుకున్నాను. లంగరు ఏదో తేల్చే ప్రశ్నలకు జవాబులు రాసి, నోట్‌బుక్ పక్కన పెట్టుకుని చూస్తే నైపుణ్యం, సేవ ముందున్నాయి. ఇంట్లో అమ్మకు రోజూ సాయంత్రం ఫిజియోథెరపీ చేయించాలి కాబట్టి ఆరింటికల్లా ఇల్లు చేరాలి. అది జీవనశైలి కిందకు వస్తుంది. "ఇది మీ బలహీనత అని ఎక్కడా రాయకండి. ప్లాన్‌లో ఇదొక షరతు, అంతే" అన్నారు మేడమ్. ఆ మాట నన్ను ఎంత తేలికపరిచిందో చెప్పలేను. ఎన్నో ఏళ్ళుగా దాన్ని దాచుకుంటూ, ఆలస్యంగా ఉండలేనందుకు తప్పు చేసినట్టు తిరిగాను.

ఐడీపీ ఫారం దగ్గర నా మొదటి ప్రయత్నం ఇలా ఉంది: "కమ్యూనికేషన్ స్కిల్స్ మెరుగుపరచుకోవాలి. లీడర్‌షిప్ నేర్చుకోవాలి. మూడు ఆన్‌లైన్ కోర్సులు పూర్తి చేయాలి." మేడమ్ చదివి, "ఆర్నెల్ల తర్వాత ఇవి జరిగాయో లేదో మీకెలా తెలుస్తుంది?" అని అడిగారు. కోర్సుల సంగతి తప్ప మిగతావి చెప్పలేకపోయాను. తిరగరాశాను: "వచ్చే ఆరు వారాల్లో కొత్త బ్యాచ్‌కు బిల్లు తప్పులు వెతకడం మీద రెండు క్లాసులు తీసుకుంటాను. క్లాసు అయిన నెల తర్వాత వాళ్ళలో ఎంతమంది నన్ను అడగకుండా సొంతంగా తప్పు పట్టుకుంటున్నారో లెక్క చూస్తాను." రాస్తున్నప్పుడే తేడా తెలిసింది. మొదటిది ఎవరి ఫారంలోనైనా సరిపోతుంది. రెండోది నాదే.

కోర్సుల గురించి ఒక మాట. మా హెచ్‌ఆర్ ప్రెజెంటేషన్‌లో 70-20-10 అని పెద్దగా వేశారు. నేర్చుకోవడంలో డెబ్బై శాతం పని చేస్తూ, ఇరవై శాతం తోటివాళ్ళ నుంచి, పది శాతం క్లాసుల నుంచి జరుగుతుందని దాని అర్థం. 1980ల్లో సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ అనే అమెరికా సంస్థలో పరిశోధకులు, బాగా రాణించిన మేనేజర్లను మీరు ఎలా నేర్చుకున్నారని అడిగి రాబట్టిన జవాబుల నుంచి ఈ లెక్క పుట్టింది. వాళ్ళు గుర్తు చేసుకుని చెప్పిన మాటలవి, కొలిచి తేల్చిన సూత్రం కాదు. అంకెలను పట్టుకుని వేలాడక్కర్లేదు గానీ, అందులో చెప్పిన దిశ నా విషయంలో నిజమే అయింది. విచిత్రం ఏమిటంటే ఆ స్లయిడ్ చూపించిన ప్రోగ్రామే పోర్టల్‌లో మాత్రం పూర్తిచేసిన కోర్సుల సంఖ్యను బట్టే పురోగతి చూపిస్తుంది. నేను తీసుకున్న క్లాసులు, రాసిన నోట్సు అందులో ఎక్కించడానికి చోటే లేదు. దీన్ని మార్చాలి.

పోర్టల్ గురించి ఇంకా ఎక్కువ రాయను. నలభై నైపుణ్యాల జాబితా, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు వరకు మనకు మనమే మార్కులు వేసుకోవాలి. మూడుకూ నాలుగుకూ తేడా ఏమిటో ఎక్కడా రాయలేదు. పదికి రెండు మార్కులు ఇస్తాను, అవి కూడా ఖాళీ పోస్టులు అందరికీ కనిపించేలా పెట్టినందుకు. అంతకుముందు ఫలానా విభాగంలో ఖాళీ ఉందని ఎవరో చెవిలో చెప్తేనే తెలిసేది.

ఇప్పుడు మేనేజర్ దగ్గరికి వద్దాం. ఈ ప్రోగ్రామ్‌లో నేను ఎక్కువ టెన్షన్ పడింది, నిరాశపడింది ఇక్కడే.

ప్రోగ్రామ్ నియమం ప్రకారం ఐడీపీ గురించి మేనేజర్‌తో ఒక గంట మాట్లాడాలి. మా దగ్గర దాన్ని అప్రైజల్ మీటింగ్‌తో కలిపేశారు. మొదటి ఇరవై నిమిషాలు రేటింగ్, ఇంక్రిమెంట్. నాకు వచ్చిన రేటింగ్ నేను ఊహించినదానికంటే తక్కువ. ఆ మాట విన్న తర్వాత "ఇప్పుడు మీ భవిష్యత్తు గురించి మాట్లాడుకుందాం" అంటే నోరు ఎలా వస్తుంది? బుర్రలో రేటింగే తిరుగుతోంది. ఆయన ఏం చెప్పినా నన్ను తక్కువ చేస్తున్నట్టే వినిపించింది. తర్వాత కౌన్సెలర్ మేడమ్‌తో చెప్పుకుంటే, ఇది నా ఒక్కదాని సమస్య కాదన్నారు. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో చేసిన ఒక అధ్యయనం 1965లోనే అచ్చయిందట. తప్పులు ఎత్తిచూపే మాటలు ఎక్కువైన కొద్దీ ఉద్యోగులు తమను తాము సమర్థించుకోవడంలో పడిపోయారని, జీతం సంగతీ ఎదుగుదల సంగతీ ఒకే మీటింగ్‌లో కలపకూడదని అందులో తేలింది. అరవై ఏళ్ళ కిందటే తెలిసిన సంగతి ఇది. మీరు ఇలాంటి ప్రోగ్రామ్‌లో చేరితే, ఈ రెండు మీటింగుల మధ్య కనీసం నెల ఎడం ఉండేలా ముందే అడిగి పెట్టుకోండి. నేను అడగలేదు. దాంతో నాకు రెండు నెలలు వృథా అయ్యాయి.

ఆ మీటింగ్‌లోనే ఇంకో ప్రశ్న అడిగాను. చాలా కంపెనీల్లో ఉద్యోగులను నైన్ బాక్స్ అనే తొమ్మిది గడుల పట్టికలో పెడతారు. ఒక వైపు ఇప్పటి పనితీరు, రెండో వైపు ముందు ముందు ఎంత ఎదగగలరన్న అంచనా. ఏ గడిలో ఉన్నామన్నదాన్ని బట్టి పెద్ద అవకాశాలు ఎవరికి వెళ్ళాలో నిర్ణయిస్తారు. మా దగ్గరా ఉందని తెలుసు. "నేను ఏ గడిలో ఉన్నానండీ?" అని సూటిగా అడిగాను. ఆయన కాస్త ఇబ్బంది పడి, అది చెప్పే అధికారం తనకు లేదన్నారు. ఆయన్ని తప్పుపట్టను. కానీ నా కెరీర్ నేనే ప్లాన్ చేసుకోవాలని ఒక చేత్తో ఫారం ఇచ్చి, నా గురించి వేసుకున్న అంచనా ఇంకో చేత్తో దాచిపెడితే ఆ ప్లాన్ ఎలా కుదురుతుంది? ఆ పట్టిక మూలం కూడా తెలుసుకున్నాను. కంపెనీలకు సలహాలిచ్చే మెకిన్సే సంస్థ 1970ల్లో మళ్ళీ ఆ జనరల్ ఎలక్ట్రిక్ కోసమే అలాంటి పట్టిక తయారు చేసింది. ఏ వ్యాపారంలో డబ్బు పెట్టాలి, దేన్ని వదిలించుకోవాలి అని తేల్చుకోవడానికి. అలా వ్యాపారాలను కొలవడానికి పుట్టిన పద్ధతిలో మనుషులను కూర్చోబెట్టినప్పుడు, కనీసం ఆ మనిషికి తన గడి ఏదో, ఎందుకో చెప్పాలి. ఈ విషయంలో నా అభిప్రాయం మారదు.

వారానికి ఒక రోజు వేరే విభాగంలో పని చేసే అవకాశం కోసం ట్రెయినింగ్ విభాగాన్ని ఎంచుకున్నాను. వాళ్ళు వెంటనే ఒప్పుకున్నారు. మా మేనేజర్ దగ్గర ఆగిపోయింది. "మీరు లేకపోతే నెలాఖరు ఎలా గడుస్తుందండీ? క్వార్టర్ అయ్యాక చూద్దాం" అన్నారు. క్వార్టర్ అయింది. మళ్ళీ అదే మాట. ఆయన చెడ్డవారు కాదు, నామీద ఆధారపడ్డారు. కానీ బాగా పని చేసేవాళ్ళను వదలలేక పట్టి ఉంచితే వాళ్ళు ఎదగరు సరికదా, చివరికి కంపెనీనే వదిలి వెళ్తారు. అప్పుడు నెలాఖరు ఒక్కటే కాదు, ఏడాదంతా గడవదు.

దారి చూపింది మెంటర్ గారు. ఆయనతో మొదటి రెండు మీటింగులు చాలా బాగా జరిగాయి, తర్వాత మూడు వరసగా రద్దయ్యాయి, మెంటరింగ్ అంతటితో సరి. కానీ ఆ రెండో మీటింగ్‌లో ఆయన అన్న మాట నాకు పనికొచ్చింది. "మీరు అనుమతి అడుగుతున్నారు. మీ మేనేజర్‌కు కావలసింది అనుమతి ఇచ్చే ధైర్యం. దానికి ఏం కావాలో మీరే తీసుకెళ్ళండి." ఇంటికొచ్చి ఆలోచించాను. నెలాఖరులో నేను మాత్రమే చేసే పనులు ఎన్ని అని లెక్కేస్తే పదకొండు వచ్చాయి. వాటిలో ఏడు పనులకు ఎవరు చూసినా చేయగలిగేలా అడుగు అడుగునా వివరంగా నోట్స్ రాశాను. టీమ్‌లో ఇద్దరికి నేర్పాను. ఒక నెలాఖరు నేను సీట్లోనే ఉండి, చేయి పెట్టకుండా వాళ్ళ చేత చేయించాను. ఆ కాగితాలు పట్టుకుని వెళ్తే మేనేజర్ గారు ఇంకేం అనలేదు. సంతకం పెట్టారు. ఇందుకు నాలుగు నెలలు పట్టింది. ఈ నాలుగు నెలల పని ప్రోగ్రామ్‌లో ఎక్కడా రాసి లేదు. రాసి ఉండాలి. వారానికి ఒక రోజు పోతే ఆ రోజు పని ఎవరు చేస్తారన్నది ఉద్యోగి నెత్తిన పెట్టి వదిలేయడం అన్యాయం.

ఆ పన్నెండు రోజుల గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. మూడు నెలలు, వారానికో రోజు, మొత్తం పన్నెండు. మొదటి రోజు వెనక బెంచీలో కూర్చుని చూశాను. మూడో వారం నుంచి నేనే క్లాసు తీసుకున్నాను. మొదటి క్లాసు సరిగ్గా రాలేదు. నాకు తెలిసినదంతా చెప్పేయాలన్న ఆత్రంలో గంటన్నర ఆపకుండా మాట్లాడాను. అక్కడి ట్రెయినర్ ఒకావిడ పక్కకు పిలిచి, "మీకు తెలుసని వాళ్ళకు అర్థమైంది. వాళ్ళకు ఏం తెలిసిందో మీకు అర్థమైందా?" అన్నారు. మరుసటి వారం తప్పులున్న నిజమైన బిల్లులు ఆరు, పేర్లూ నంబర్లూ చెరిపేసి, వాళ్ళ చేతికిచ్చి ఊరుకున్నాను. గది అంతా మాటలతో నిండిపోయింది. ఒక కుర్రాడు నేను తొమ్మిదేళ్ళలో గమనించని ఒక పొంతన ఆ తప్పుల మధ్య పట్టుకున్నాడు. ఆ సాయంత్రం నోట్‌బుక్‌లో పెట్టుకున్న గుర్తు ఇప్పటికీ చూసుకుంటాను. ఏ కోర్సూ ఇది నేర్పదు.

ఆ తర్వాత ట్రెయినింగ్ విభాగంలో ఒక పోస్టు పోర్టల్‌లో పడింది. ఇంటర్వ్యూ ఇచ్చాను, వచ్చింది. ఇక్కడ నిజం దాచకుండా చెప్పాలి. గ్రేడ్ మారలేదు, జీతం మారలేదు. పక్కకు జరిగాను, పైకి వెళ్ళలేదు. బంధువుల్లో కొందరు "దీనికోసమా ఏడాదికి పైగా తిరిగావు" అన్నారు. నాకు మాత్రం ఈ మార్పు ప్రమోషన్ కంటే పెద్దది. పొద్దున్న లేవగానే ఆ రోజు క్లాసు గురించే ఆలోచిస్తున్నాను.

అలాగని కంపెనీని ఊరికే వదిలిపెట్టను. పనిలో లోతు పెంచుకున్నవాళ్ళకు ఇక్కడ పైకి వెళ్ళే దారి లేదు. చాలా సంస్థలు రెండు నిచ్చెనలు పెట్టుకున్నాయి: మేనేజర్లు అయ్యేవాళ్ళకు ఒకటి, నిపుణులుగా ఎదిగేవాళ్ళకు ఇంకొకటి, రెండింటిలోనూ హోదా, జీతం సమానంగా పెరుగుతాయి. మా దగ్గర నిచ్చెన ఒక్కటే. నైపుణ్యమే నీ లంగరు అని ఆరు సిట్టింగుల్లో తేల్చి చెప్పి, ఆ లంగరు వేసుకున్నవాళ్ళు ఎదగాలంటే మాత్రం టీమ్ లీడ్ అవ్వాల్సిందే అంటే, ఆ తేల్చడానికి అర్థం ఏముంది? చివరి ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఇదే రాశాను. నైన్ బాక్స్ సంగతీ, అప్రైజల్ మీటింగ్ విడదీయాలన్న సంగతీ కూడా రాశాను. పేరు రాయడం ఐచ్ఛికం అన్నారు. రాశాను.

చేరాలా అని అడిగితే, చేరండి. కానీ ఫారం నింపే ముందు మూడు విషయాలు హెచ్‌ఆర్‌ను మెయిల్‌లో అడిగి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. దీనికి ఆఫీసు పనివేళల్లో వారానికి ఎన్ని గంటలు ఇస్తారు, మేనేజర్ సంతకం పెట్టకపోతే ఎన్ని రోజుల తర్వాత ఎవరి దగ్గరికి వెళ్ళాలి, కౌన్సెలర్‌తో మాట్లాడినవి కంపెనీకి చెప్తారా లేదా. మూడోది చాలా ముఖ్యం. మా కౌన్సెలర్ మేడమ్ మొదటి రోజే, మీరు ఒప్పుకున్న ప్లాన్ తప్ప ఇంకేదీ బయటికి వెళ్ళదని చెప్పారు. ఆ హామీ లేకపోతే అమ్మ గురించి నేను నోరు విప్పేదాన్నే కాదు. రెండు వారాల నోట్‌బుక్ మాత్రం ప్రోగ్రామ్ ఉన్నా లేకపోయినా ఈ రోజే మొదలుపెట్టవచ్చు. దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు.

కొత్త బ్యాచ్‌కు పేర్లు ఇప్పుడు తీసుకుంటున్నారు. బిల్లింగ్ నుంచి ఇద్దరు ఇచ్చారని తెలిసింది. ఒకరు ఆ టీమ్ లీడ్ అమ్మాయి. మొన్న నా కొత్త సీటు దగ్గరికి వచ్చి, కాసేపు అటూ ఇటూ మాట్లాడి, "అక్కా, ఆ నోట్‌బుక్ ఒకసారి చూపిస్తారా? నాకు ఈ ఏడాదంతా ఓపిక తగ్గుతూనే ఉంది" అంది. డ్రాయర్‌లోంచి తీసి ఇచ్చాను.